సాంబశివరావు బద్ధకస్తుడు కాడు

సాంబశివరావు పోయాడని నిన్న పొద్దున వాళ్ళ కోడలు పద్మ ఫోన్ చేసింది.

"ఏ సాంబశివరావు?" అని అడిగాను.

నాకు తెలిసిన సాంబశివరావు ఒక్కడే. అయినా అడిగాను.

"మా మామయ్యగారేనండీ, బాబాయిగారూ" అని ఆ అమ్మాయి ఏడ్చింది.

నిద్రలోనే పోయాడట. తొంభైకి దగ్గరపడ్డ మనిషి, ఆశ్చర్యం ఏముంది అంటారు. నాకు ఆశ్చర్యమే. ఇంకా తేరుకోలేదు.

నాలుగు మంచి మాటలు రాసి ఊరుకుందామనుకున్నాను. ఊరుకోనివ్వలేదు.

నిన్న సాయంత్రం అతని బావమరిది సుబ్బారావు గారు ఫేస్‌బుక్‌లో అతని ఫొటో పెట్టి, "బావగారు నా మాట విని నాలాగే రోజూ సైకిల్ తొక్కి ఉంటే ఇంకో పదేళ్ళు మనతో ఉండేవారు" అని రాశారు. కింద వరసగా దణ్ణం బొమ్మలు.

సుబ్బారావు గారూ, ఇది మీరు కూడా చదవండి.

రెండేళ్ళ కిందట సాంబడికి షుగర్ కాస్త పెరిగింది. కొడుకు రవి ఒక ఎక్సర్‌సైజ్ సైకిల్ కొని గవర్నర్‌పేటలో వాళ్ళ బట్టల కొట్టు మీద ఇంట్లో పెట్టాడు. ఎంత తొక్కినా ఉన్నచోటే ఉండే సైకిల్. ఎన్ని క్యాలరీలు ఖర్చయ్యాయో ముందున్న చిన్న స్క్రీన్ మీద అంకె పడుతుంది.

సుబ్బారావు గారింట్లోనూ అదే మోడల్. మూడొందలు దాటిన స్క్రీన్ ఫొటో రోజూ ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టేవారు. సాంబడికి వంద దాటడమే కష్టం.

"బావగారు సైకిల్ మీద కునుకు తీస్తున్నారా?" అని ఈయన కామెంట్. గ్రూపంతా నవ్వు బొమ్మలు.

నవ్వుతో పోతే నేను పట్టించుకునేవాణ్ణి కాదు. రవి ఆ అంకెను నమ్మాడు. అంకె రాని రోజు తండ్రికి రాత్రి అన్నం బంద్, రెండు పుల్కాలే. ఈ రూల్ డాక్టర్ పెట్టింది కాదు, కొడుకు పెట్టింది.

"మావయ్యని చూడండి నాన్నగారూ, మీకన్నా లావు, అయినా ఎంత తొక్కుతున్నారో!"

మనిషి ఎండిపోయాడు. చొక్కాలు భుజాల మీద నిలవడం లేదు.

ఒకరోజు వెళ్ళేసరికి తొక్కుతున్నాడు. పెడల్ బరువు పెంచే నాబ్ చివరిదాకా బిగించి ఉంది. కాలు నెమ్మదిగా, బరువుగా తిరుగుతోంది. బనీను తడిసి ఒంటికి అంటుకుపోయింది.

"అంత బిగించావేంట్రా?"

"వదులు చేస్తే కాలికేం తగల్దురా. ఖాళీ మగ్గం తొక్కినట్టుంటది."

అప్పుడు అర్థమైంది నాకు.

నలభైల్లో, యుద్ధం రోజుల్లో, కంకిపాడు దగ్గర మా ఊళ్ళో వాళ్ళది మగ్గం ఇల్లు. సాంబడు గుంటలోకి కాళ్ళు దింపి, కింద కర్రలు తొక్కుతూ నేసేవాడు. నేను గట్టు మీద కూర్చుని పుస్తకం చదివి వినిపించేవాణ్ణి. నూలుకి కంట్రోల్, బియ్యానికి కంట్రోల్. ఉన్న అన్నంలో ఎవరికెంత పెట్టాలో వాళ్ళమ్మ వంటింట్లోంచి మగ్గం చప్పుడు విని తేల్చుకునేది. పల్చటి బట్టయితే చప్పుడు చకచకా వినిపించేది. ముతక దుప్పటయితే నెమ్మదిగా, బరువుగా.

"ఇయ్యాల దుప్పటి మీదున్నాడు, వీడికి ఇంకో ముద్ద పడాల్సిందే" అనేది.

నెమ్మదిగా తొక్కిన రోజే అన్నం ఎక్కువ.

ఒళ్ళు శక్తిని ఎలా ఖర్చు చేస్తుందో నేను చాలా పుస్తకాల్లో చదివాను. అన్నీ చెప్పేది ఒకటే. ఎన్నిసార్లు తిప్పావన్నది సగం లెక్క, ఎంత బరువు మీద తిప్పావన్నది మిగతా సగం. ఆ చవక మెషీన్ మొదటి సగం మాత్రం చూసి పూర్తి అంకె వేస్తుంది. ఎక్కిన మనిషి బరువెంతో కూడా అడగదు.

ఇదంతా చెప్తే రవి వింటాడా? అందుకే అందరూ ఉన్న ఒక ఆదివారం మధ్యాహ్నం చేసి చూపించాను. నాబ్ వదులు చేసి రవిని కాసేపు తొక్కమన్నాను. తర్వాత బిగించి, అదే స్పీడులో అంతసేపే తొక్కమన్నాను. రెండుసార్లూ అంకె ఒకటే. రెండోసారి మాత్రం కుర్రాడు కుక్కలా రొప్పాడు.

"ఇదేంటి బాబాయ్, దీనికి బరువు తెలీట్లేదు!"

తర్వాత నాబ్ అలాగే ఉంచి సుబ్బారావు గార్ని ఎక్కమన్నాను. తొక్కుతూ మాట్లాడమన్నాను. తేలిక పనిలో మాట సాగుతుంది, కష్టం పెరిగితే తెగుతుంది. ఆ స్క్రీన్ కన్నా ఇదే నమ్మదగ్గ మీటరు.

"నాకిది అలవాటేనండీ. నేను రోజూ పొద్దున్నే... లేచి... అబ్బా! ఇది తుప్పు పట్టిందండీ!"

దిగిపోయారు.

"తుప్పు కాదోయ్ సుబ్బారావ్, రోజూ నేను తొక్కేదదే" అన్నాడు సాంబడు.

పద్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రవి నవ్వలేదు. తండ్రి పిక్కల వైపు చూస్తూ ఉండిపోయాడు.

మర్నాడు డాక్టర్ దగ్గరికి నేనూ వెళ్ళాను. "అంకె చూసి అన్నం కోసెయ్యమని నేనెప్పుడు చెప్పానండీ?" అని రవిని ఆయన గట్టిగానే అడిగారు. నాబ్ కొంచెం వదులు చెయ్యమన్నారు. రాత్రి అన్నం పెట్టమన్నారు. పద్మ ఆ స్క్రీన్ మీద జాకెట్టు గుడ్డ కప్పేసింది.

సుబ్బారావు గారి ఫొటోలు మాత్రం ఆగలేదు. గాలిని తొక్కి మూడొందలు తెచ్చుకుంటే నాకేం అభ్యంతరం లేదు. పోయిన మనిషిని సోమరిని చేస్తే మాత్రం ఊరుకోను. ఆ రోజు ఆ గదిలో మీరున్నారు. మీకు తెలుసు. ఆ పోస్ట్ తీసెయ్యండి.

మొన్న రాత్రి సాంబడు పప్పన్నం, పెరుగన్నం తిని, చెయ్యి కడుక్కుని, పద్మతో కాసేపు కబుర్లు చెప్పి పడుకున్నాడట.

వాడు ఆకలితో పోలేదు.

ఇక కాళ్ళు చాపుకుని పడుకోరా, సాంబా. నీ ప్రాణం హాయిగా ఉండాలి.