బయటి తలుపు

“వీడి ఏడుపు విని మమ్మల్ని కాలేజీలోంచి వెళ్లగొట్టేస్తారు. చూస్తూండు!”

ఇమొజెన్ ఫోనులో భర్తతో ఈ మాట అనని రోజు లేదు. కేంబ్రిడ్జ్‌లోని ఒక పాత మహిళా కళాశాలలో ఆమె చదువుకుంది. ఇప్పుడు అక్కడే రసాయనశాస్త్ర పరిశోధకురాలు. నెలల పిల్లాడు విల్ఫ్‌తో ఎర్ర ఇటుకల భవనంలో పై అంతస్తులో ఉంటోంది. భర్త లీడ్స్ నుంచి శనివారం వచ్చి, కొడుకు గొంతును మెచ్చుకుని ఆదివారం వెళ్లిపోతాడు.

ఆ గదులకి రెండేసి తలుపులు. లోపలిది మామూలుది, బయటిది బరువైన ఓకు చెక్కది. ఇమొజెన్ శాస్త్రం చదివిన మనిషి గనక రెండూ మూసింది. మధ్యలో గాలి పొర ఉంటే శబ్దం తగ్గుతుందని లెక్క. తలుపు కింది సందులో తువ్వాలు కుక్కింది. ఫోనుతో శబ్దాన్ని కొలిచి గ్రాఫు గీసింది. గ్రాఫు ముచ్చటగా వచ్చింది. విల్ఫ్‌కి గ్రాఫులు చదవడం రాదు గనక ఏడుస్తూనే ఉన్నాడు.

ఏడుపు కన్నా ఆమెను ఎక్కువ కుంగదీసింది ఎవరూ గడప తొక్కకపోవడం. కడుపుతో ఉన్నప్పుడు ఉన్ని టోపీలు అల్లి ఇచ్చినవాళ్లే ఇప్పుడు గది ముందు అడుగుల చప్పుడు తగ్గించుకుని వెళ్లిపోతున్నారు. మా పొడ గిట్టడం లేదని తేల్చుకుంది. ఆధారాలన్నీ చక్కగా సరిపోయాయి. వాళ్లు పొమ్మనకముందే తనే ఉద్యోగం వదిలేస్తానని ప్రిన్సిపల్‌కి చెప్పడానికి, పిల్లాణ్ని భుజానేసుకుని తలుపు తీసింది.

గుమ్మంలో ఎదురుగది ఎనిడ్ ప్రోథరో నిలబడి ఉంది. వేల్స్ నుంచి పద్దెనిమిదేళ్లకి చదువుకోవడానికి వచ్చి, లైబ్రరీలో చిన్న ఉద్యోగంలో చేరి, రిటైరయ్యాక కూడా ఇక్కడే ఉండిపోయిన మనిషి. మగవాళ్లు టీకి వస్తే, గదిలో మంచం ఉండకూడదన్న కాలేజీ నియమం కోసం దాన్ని వరండాలోకి నెట్టాల్సిన రోజులు చూసింది. చేతిలో మూతపెట్టిన గిన్నె.

“అమ్మయ్య, తీశావా! ఈ సూపు వేడి చేసీ చేసీ అడుగంటింది.”

“తలుపు తట్టొచ్చుగా, ఎనిడ్ గారూ!”

“బయటి తలుపు మూసుంటే తట్టేదెవరే? పనిలో ఉన్నాను, కదిలించకండి అనేగా అర్థం! కొత్తదానిలా అడుగుతావేం?”

ఇమొజెన్‌కి బాగా తెలుసు. చదువుకునే రోజుల్లో, పరీక్షలప్పుడు మూసి ఉన్న తన బయటి తలుపు తట్టిందని ఒక స్నేహితురాలితో మాటలే మానేసిన ఘనత ఆమెది.

“వీడి ఏడుపు మీకు వినపడలేదా?”

“వాడు గొంతెత్తితే నా కప్పులు గలగలలాడతాయి! అంత గోలలోనూ చదువుకుంటోంది, ఎంత పట్టుదలో పిల్లకి అని అందరం మురిసిపోయాం.”

నవ్వుతూనే ఎనిడ్ పిల్లాణ్ని అందుకుంది.

“మా నాన్న చనిపోయిన ఏడాది చలికాలంలో నేనూ ఇలాగే బయటి తలుపు మూసుకున్నాను. ఒక్కతీ రాలేదు. నేను ఎవరికీ అక్కర్లేదనుకుని ఊరికి బయల్దేరాను. పెట్టె జారి మెట్ల మీద దొర్లితే అందరూ పరుగెత్తుకొచ్చారు. పాపం, నా దుఃఖానికి అడ్డు రాకూడదని అన్నాళ్లూ మునివేళ్ల మీద నడిచారట!”

ప్రిన్సిపల్ సంగతి ఇమొజెన్‌కి సూపు తాగాక గానీ గుర్తు రాలేదు. అప్పటికి విల్ఫ్ ఎనిడ్ భుజం మీద చొంగ కారుస్తున్నాడు.

ఇప్పుడు ఆ తలుపు మూసుకోకుండా ఆమె లావుపాటి రసాయనశాస్త్ర పుస్తకం అడ్డు ఉంటోంది. ఏడుపేమీ తగ్గలేదు. వరండాలో పోయేవాళ్లు వాణ్ని కాసేపు ఆడించడానికి ఎత్తుకెళ్తే ఆమె కునుకు తీస్తోంది. ఆ రోజు వెళ్తూ వెళ్తూ ఎనిడ్ చెప్పింది ఇంతే:

“చదువుకునేటప్పుడు మూసుకో తల్లీ. ఏడుపొచ్చినప్పుడు మాత్రం, వాడికైనా నీకైనా, బార్లా తీసిపెట్టు.”