మద్దిలేటి ఆచారి నూరు ఊపిర్లు

మా బావ మద్దిలేటి ఆచారి స్వామివారి దయవల్ల బాగుపడ్డాడని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. నంద్యాలలో ఆ మాట ఇప్పటికీ అంటున్నారు. ఆళ్ళగడ్డలో బావ పక్కనే కూర్చుని ఇరవై ఏళ్ళుగా విగ్రహాలకు నునుపు పెడుతున్నవాణ్ణి. ఎవరి దయ ఎంతో నాకు తెలుసు.

బావకు ఎంత పనితనముందో అంత కోపమూ ఉండేది. 1953లో బావ నంద్యాల గుడికి అమ్మవారిని చెక్కుతుండగా, ఆ గుడి కమిటీ పెద్ద శేషయ్య మా కొట్టానికి వచ్చాడు. బావ వెనకే నిలబడి, ఇంకా ఎన్నాళ్ళు, ఇంకా ఎన్నాళ్ళు అని పొద్దంతా సతాయించాడు. బావ పళ్ళు కొరుకుతూనే సుత్తి వేశాడు. అమ్మవారి అభయహస్తం చిటికెన వేలు ఎగిరిపడింది. విరిగిన విగ్రహం పూజకు పనికిరాదు. ఏడు నెలల పనిని బండి మీద వేసుకుపోయి ఊరి పక్క వక్కిలేట్లో వదిలి వచ్చాం. ఆ తర్వాత మా దగ్గరికి రోళ్ళూ తిరగళ్ళూ కావాల్సినవాళ్ళే వచ్చారు గానీ, దేవుణ్ణి చెక్కమని ఒక్కరూ రాలేదు.

మనసు నిలిస్తే తప్ప చేయి నిలవదని బావకు అర్థమైంది. నంద్యాల అవతల ఆశ్రమం పెట్టుకున్న ఒక స్వామి దగ్గరికి పోయి, ధ్యానం నేర్పమని అడిగాడు. సంసారి, అందులోనూ రాళ్ళు కొట్టుకునేవాడు, సొంత ప్రయత్నంతో మనసును నిలుపుకోలేడనీ, గురువు దయ కలగాలనీ, అందుకు సేవ చేయాలనీ స్వామి చెప్పాడు. బావ పదకొండు నెలలు సేవ చేశాడు. ఏం సేవ? ఆశ్రమానికి మెట్లు చెక్కాడు, దీపస్తంభం చెక్కాడు, చివరికి ఆ మనిషి పాదాలు కూడా రాతిలో చెక్కిపెట్టాడు. ఉపదేశం మాటెత్తితే, నీకింకా పక్వం రాలేదనేవాడు. మెట్లు పూర్తయ్యేదాకా ఎట్లా వస్తుంది పక్వం?

బావ తిరిగొచ్చి ఎవరినీ ఏమీ అడగలేదు. రోజూ ఉలి ముట్టకముందు ముడిరాయి ఎదురుగా కూర్చునేవాడు. ఎడమపక్క పది రాతి పెచ్చులు పెట్టుకునేవాడు. పది ఊపిర్లు మనసు చెదరకుండా లెక్కపెడితే ఒక పెచ్చు కుడిపక్కకు పోతుంది. నడుమ ఎక్కడ మనసు పక్కకు పోయినా, అన్నీ మళ్ళీ ఎడమకే. నూరు పూర్తయితేనే ఉలి. మొదట్లో మధ్యాహ్నమైనా ఉలి పట్టని రోజులున్నాయి. మా అక్క సరస్వతమ్మ పొయ్యి దగ్గర నుంచే తిట్టేది. కూర్చుంటే కడుపు నిండుతుందా అనేది. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అట్లా నాలుగేళ్ళు గడిచాయి. గుడిలో పీఠం ఖాళీగానే ఉండటంతో శేషయ్య మళ్ళీ వచ్చాడు. ఇదే ఆఖరు, ఇదీ పాడైతే ఈ జిల్లాలో నీకు ఎవరూ రాయి ఇవ్వరని మొహం మీదే చెప్పాడు. బావ ఎనిమిది నెలల్లో అమ్మవారిని చెక్కాడు. కళ్ళు మాత్రం వదిలేశాడు. ప్రతిష్ఠ రోజు, చెక్కినవాడే గుడిలో నిలబడి కళ్ళు తెరిపించాలి. అది మా కులవిద్య ఆచారం.

నిరుడు ప్రతిష్ఠ జరిగింది. గుడి నిండా జనం. ఆ జనంలోంచి స్వామి లేచాడు. ఈ ఆచారి మనసు తన అనుగ్రహంతోనే కుదుటపడిందనీ, కాబట్టి కళ్ళు తానే తెరిపిస్తాననీ అన్నాడు. శేషయ్య తల ఊపాడు. నాకు చేతిలో ఉన్న సుత్తి బరువు తెలిసింది.

బావ ఉలిని రెండు చేతులతో పట్టుకుని ఆయన ముందుకు చాపాడు.

"పట్టుకోండి స్వామీ. కంటిపాప చుట్టూ గీత నువ్వుగింజంత లోతు పోవల్ల. జారితే మొగమే పోతాది."

స్వామి ఉలిని చూశాడు, అమ్మవారిని చూశాడు. చేతులు శాలువాలోకి లాక్కుని, నా ఆశీర్వాదం ఉంది, నువ్వే కానివ్వు అన్నాడు. దానికీ జనం చెంపలు వేసుకున్నారు!

బావ సంచిలోంచి పది పెచ్చులు తీసి కింద పెట్టుకుని కూర్చున్నాడు. నాలుగు పెచ్చులు కుడికి పోయాక అన్నీ వెనక్కి తెచ్చాడు. మళ్ళీ ఏడు పోయాయి, మళ్ళీ వెనక్కి. ముహూర్తం దాటిపోతోందని పూజారి కంగారుపడ్డాడు. శేషయ్య ఆనాటిలాగే వెనక నిలబడ్డాడు.

"ఇంగా ఎంతసేపప్పా?" అన్నాడు.

ఈసారి కుడికి చేరిన తొమ్మిది పెచ్చులూ ఎడమకు వచ్చేశాయి. నాకు ఏడుపొచ్చింది. బావ మాత్రం మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు. పదో పెచ్చు కుడికి చేరాక లేచి ఉలి పట్టాడు. గీత నువ్వుగింజంత లోతే పోయింది. అమ్మవారు కళ్ళు తెరిచింది.

ఆ సాయంత్రమే గుడి గోడకు బండ పెట్టాలన్నారు. 'స్వామివారి అనుగ్రహంతో' అని చెక్కమని నాకు చెప్పారు. చెక్కనని ఉలి విసిరేశాను. బావ ఆ ఉలి తీసుకుని తనే చెక్కాడు, ఒక్క అక్షరం వంకర పోకుండా.

"నీకు కోపం రాలేదా బావా?" అని తిరిగొచ్చే బస్సులో అడిగాను.

"యాల రాలేదు? మూడుతూర్లు మళ్ళా ఒకటి కాడికి పోతిని, నువ్వే చూస్తివి గదా."

ఆయన ఊరుకున్నాడు, నేను ఊరుకోలేను. ఇది రాసే ముందు నేనూ పది పెచ్చులు పెట్టుకుని కూర్చున్నాను. గోడ మీది బండ గుర్తొచ్చింది. మొదటి పెచ్చు కూడా కదల్లేదు.