బావ పూసిన పేస్టు

ఈ మధ్య నాలుగు మెట్లెక్కితేనే ఆయాసం, ఏ పనికీ ఓపిక ఉండటం లేదు. అలాంటిది మొన్న మా అక్క ఫోన్ చేసి, బావ సినిమా ఒక్కసారి చూడాలనుందిరా అనేసరికి అటక మీంచి ఆ పాత కంప్యూటర్ దింపక తప్పలేదు. బావ పోయి ఏడాది కావస్తోంది. ఆయన తీసింది ఒకే ఒక్క సినిమా, అదీ విడుదల కాలేదు. నేను ఎడిటింగ్ చేసిన ఆ మిషన్‌లోనే దాని ముక్కలన్నీ ఉన్నాయి, అందులో తప్ప ఇంకెక్కడా తెరుచుకోవు. ఆన్ చేస్తే వచ్చింది గానీ, కాసేపటికే వేడెక్కి ఆరిపోయింది.

ఆ జబ్బు దానికి కొత్తది కాదు. అప్పట్లో కృష్ణానగర్‌లో మేడమీద రేకుల గది మాది, అందులోనూ ఎండాకాలం, బావేమో జూబ్లీ హిల్స్ పెద్దమనిషెవరో సినిమా కొనడానికి చూస్తానన్నాడంటూ పొద్దున్నే వచ్చి నా నెత్తిన కూర్చునేవాడు. ఓ రోజు, ప్రాసెసర్‌కీ దాని మీద కూర్చుని వేడి లాగే హీట్‌సింక్‌కీ మధ్య రాసే పేస్టు ఎండిపోయింది, శనగగింజంత పెడితే చాలు బావా అని నేను మొత్తుకుంటున్నా వినలేదు. ఆయనది పెట్టే చెయ్యి కదా, ముద్దపప్పులో నెయ్యి పోసినట్టు ట్యూబంతా పిండేశాడు. ఎక్కువైతే చల్లబడదు సరికదా ఇంకా ఉడుకుతుంది. పక్క మూత తీసేసి పెడితే, మాకు క్యారేజీ తెచ్చిన అక్క అట్టముక్క పట్టుకుని దానికి విసురుతూ కూర్చునేది. చెమటలు కారుతున్న మా ఇద్దరికీ మాత్రం ఎవరూ విసరలేదు, అది వేరే సంగతి. ఇంతా చేస్తే ఆ పెద్దమనిషి రానేలేదు, ఆ తరవాత ఇంకెవరూ రాలేదు.

మొన్న హీట్‌సింక్ మీద చెయ్యి వేసి కూడా వెంటనే లాగలేదు. ఎండిన పేస్టు పట్టేసి ఉంటుంది, మొండిగా లాగితే ప్రాసెసర్ కాళ్ళు వంగుతాయి, అవి వంగితే అక్కకిక సినిమా లేదు. అందుకని మిషన్‌ని కాసేపు వెచ్చబడనిచ్చి, ఆపి, ప్లగ్గు తీసి, అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ తీశాను. వచ్చింది. అంచున గట్టిపడిన బూడిదరంగు పేస్టులో బావ వేలిముద్ర ఉంది. పొంగినదాన్ని బొటనవేలితో తీసి లాల్చీకి రాసుకున్నాడు మహానుభావుడు, ఆ మరక కోసం అక్క పెట్టిన చీవాట్లు కూడా గుర్తున్నాయి. తుడవకపోతే సినిమా నడవదు. దూదికి స్పిరిట్ అద్ది తుడిచేశాను, ఏడుపొచ్చింది, దాచుకోవడమెందుకు. శనగగింజంత కొత్త పేస్టు పెట్టి, ఈ మూలా ఆ మూలా కొంచెం కొంచెంగా స్క్రూలు బిగించాను.

సాయంత్రం అక్క వచ్చింది. సినిమా ఆగకుండా నడుస్తుంటే, ఇప్పుడు ఫిల్మ్‌నగర్‌లో ఎడిటింగ్ గదులు శాలువా కప్పుకోవాల్సినంత చల్లగా ఉంటున్నాయనీ, క్యారేజీలు పట్టుకుని మెట్లెక్కే మనుషులే కనబడటం లేదనీ ఏదో చెప్పుకుపోతున్నాను. అక్క వినడం లేదు. రావాల్సిన జూనియర్ ఆర్టిస్టు రాక, టీకొట్టు ముందు బావే నిలబడిన షాట్ అప్పుడే వచ్చింది. చూద్దును కదా, అక్క ఒళ్ళోని పేపరు మడిచి మిషన్‌కి విసురుతోంది.

ఇప్పుడది వేడెక్కదులే అక్కా అన్నాను.

ఉండనీరా, ఆయన వెళ్ళేదాకా, అంది.