జ్యోతి ఇన్‌స్టిట్యూట్‌లో మూడు ఉబుంటులు

బందరు కోనేరు సెంటరు నుంచి రెండు సందులు లోపలికి వెళ్తే, ఒక మందుల షాపు పై అంతస్తులో నాగజ్యోతి నడిపే టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. ఆమె పుట్టి పెరిగింది పెడనలో. తండ్రిది కలంకారీ అద్దకం పని. అక్కలిద్దరూ అద్దకం బల్ల దగ్గరే స్థిరపడ్డారు. ఈమె మాత్రం టైపు నేర్చుకుంటానని పట్టుబట్టి, రోజూ బస్సెక్కి బందరు వచ్చేది. ఇంగ్లీషు, తెలుగు రెండింట్లోనూ హయ్యర్ పాసయింది. 1991లో నాలుగు మిషన్లతో సొంతంగా ఇన్‌స్టిట్యూట్ పెట్టింది. పరీక్షలు దగ్గరపడితే, తమ వంతు కోసం మెట్ల మీద కూర్చునేవాళ్లు పిల్లలు.

తర్వాత పదేళ్లకు టైపు నేర్చుకునేవాళ్లు తగ్గిపోయారు. అందరూ కంప్యూటరు కావాలన్నారు. గుడివాడలో ఒక నెట్ సెంటరు ఎత్తేస్తున్నారని తెలిసి, వాళ్ల పాత కంప్యూటర్లు ఆరు తెచ్చుకుంది నాగజ్యోతి. వాటిలో ఎవరో కాపీ చేసి వేసిన విండోస్ ఉండేది. పిల్లలు పెన్ డ్రైవులు పెట్టడం, వైరస్ ఎక్కడం, పది రోజులకోసారి మొత్తం చెరిపి మళ్లీ వేయడం. ఆ పనికి ఆదివారాలు గిరిధర్ వచ్చేవాడు. ఒకప్పుడు ఆమె దగ్గర టైపు నేర్చుకున్నవాడే. ఇప్పుడు గుడ్లవల్లేరు ఇంజనీరింగ్ కాలేజీలో ల్యాబు అసిస్టెంటు.

2008 వేసవిలో ఒక ఆదివారం అతను రెండు సీడీలు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"మేడం, ఇది ఉబుంటు. ఇది కుబుంటు. రెండూ లైనెక్సు రకాలు, విండోస్ బదులు వేసుకునేవి. అడిగితే పోస్టులో ఊరికే పంపించారు. ఎన్ని కంప్యూటర్లలో వేసుకున్నా ఎవరూ ఏమీ అనరు. వైరస్ బెడద ఉండదు."

"రెండూ ఒకటేనా?"

"లోపల ఒకటేనండి. పైకి కనపడే తెర, మెనూలు, వాటిలో వచ్చే ప్రోగ్రాములు వేరు. ఉబుంటుది మట్టిరంగు, మెనూలు పైన ఉంటాయి. కుబుంటు నీలంగా నిగనిగలాడుతుంది, మెనూ కింద ఎడమ పక్కన. మనవాళ్లకి అలవాటైన పద్ధతి. నన్నడిగితే కుబుంటే."

పుట్టింట్లో ఒకే బట్టని వేరువేరు అచ్చులతో అద్దడం చూసిన మనిషి కాబట్టి ఆ మాట నాగజ్యోతికి వెంటనే అర్థమైంది. అయినా అతని మాట మీద తేల్చలేదు. ఒక కంప్యూటరులో ఉబుంటు, పక్కదానిలో కుబుంటు వేయించి, వారం రోజులు ఎవరు ఎక్కడ కూర్చుంటారో చూసింది. అందరూ కుబుంటు దగ్గరకే వెళ్లారు. రెండో ఆదివారానికి ఆరింటిలోనూ అదే వేయించింది.

తెలుగు కోసం ఆమె కొత్తగా పాఠం మొదలుపెట్టాల్సి వచ్చింది. ఇరవై ఏళ్లకు పైగా వేళ్లకు పట్టిన టైపు మిషను అమరిక ఇందులో లేదు. ఇన్‌స్క్రిప్ట్ అనే మరో అమరిక ఉంది: అచ్చులు, గుణింతాలు ఎడమ చేతికి, హల్లులు కుడి చేతికి. నలభై రెండేళ్ల వయసులో ఆమె పొద్దున్నే ఎవరూ రాకముందు వచ్చి, 'కమల', 'పడవ' అంటూ మొదటి పాఠం నుంచి కొట్టుకునేది. వేళ్లు పాత చోటికే పోతుంటే విసుక్కునేది.

ఆ రోజుల్లోనే చిలకమ్మ వచ్చింది. గిలకలదిండి నుంచి. యాభై దాటిన మనిషి, చేపల వ్యాపారం. ఏడో తరగతి వరకు చదివింది. తమ ఆడవాళ్ల సంఘానికి తనే కార్యదర్శి.

"తీర్మానాలు రాయాలన్నా, ఆఫీసుకి అర్జీ పెట్టాలన్నా ఒకళ్ల గుమ్మం కాడ నిలబడాల్సొస్తందండి. మేం చెప్పింది ఒకటి, ఆళ్లు రాసేది ఒకటి. నాకు తెలుగు కొట్టడం నేర్పండి చాలు," అంది.

ఆమె రోజూ మధ్యాహ్నం, అమ్మకం అయిపోయాక, చేతులు నిమ్మకాయతో రుద్దుకుని వచ్చేది. చెప్పింది శ్రద్ధగా వినేది. పది రోజులు వచ్చింది. పదకొండో రోజు రాలేదు. మర్నాడూ రాలేదు. వారం గడిచింది.

వానాకాలం కదా, వేట మళ్లీ మొదలైంది, పని ఎక్కువై ఉంటుందనుకుంది నాగజ్యోతి. కానీ మనసొప్పక ఒక సాయంత్రం ఆటో ఎక్కి గిలకలదిండి వెళ్లింది. చిలకమ్మ ఇంటి ముందు వల మీద ఎండుచేపలు ఎత్తుతోంది. మేడంని చూసి గాభరాగా లేచి, కుర్చీ తెచ్చి వేసింది.

"ఎందుకు రావట్లేదండీ?"

చిలకమ్మ తల దించుకుని అంది: "మీ మిషను నేను పాడుచేశానండి. 'మ' కొట్టాను, పడలేదు. మళ్లీ కొట్టాను, పడలేదు. గట్టిగా నొక్కాను. ఉన్నట్టుండి తెర నిండా 'మ'లే. భయమేసి లేచి వచ్చేశాను. మా చేతులు మొరటువి. మాకెందుకొచ్చిన చదువు అనుకున్నాను."

మిషను అలా ఆగి ఆగి పనిచేయడం నాగజ్యోతికీ తెలుసు. కుర్రాళ్లు బల్ల మీద చరిచి, నవ్వుకుని, ఊరుకునేవాళ్లు. ఈవిడ ఆ తప్పంతా తన చేతుల మీద వేసుకుని ఇంటికొచ్చేసింది. నాగజ్యోతి అందరూ ఏ తెర ముందు కూర్చుంటున్నారని చూసింది గాని, కూర్చున్నాక ఎంతసేపు ఊరికే చూస్తూ ఉంటున్నారో తను చూడలేదు.

"మిషను పాడవలేదండీ. తప్పు నాది. అది మొయ్యలేని బరువు దాని మీద పెట్టాను. ఒక్క పది రోజులు టైమివ్వండి," అని చెప్పి వచ్చేసింది.

ఆ ఆదివారం గిరిధర్ రాగానే, టైపు పరీక్షలకు వాడే స్టాప్‌వాచీ తీసింది. స్విచ్ వేసిన దగ్గర్నుంచి తెర మీద మొదటి తెలుగు అక్షరం పడేదాకా లెక్క. కుబుంటుకి ఏడు నిమిషాలు దాటింది. ఒకదానిలో మళ్లీ ఉబుంటు వేయించి చూస్తే, దానికి ఆరు.

"మెమరీ తక్కువ మేడం. నూట ఇరవై ఎనిమిది ఎంబీయే ఉంది. ఈ పాత రకానిది ఇప్పుడు దొరకడం కూడా కష్టమే," అన్నాడు గిరిధర్.

"వీటిలోనే తేలికైనది ఇంకోటి లేదా?"

అతను నసిగాడు. "ఉంది. జుబుంటు అని. కానీ మరీ బోసిగా ఉంటుందండి. పిల్లలు ముఖం చిట్లిస్తారు. అందుకే మీకు చెప్పలేదు."

"బోసిగా ఉంటే ఉండనీ. అదీ చూద్దాం."

దాని సీడీ పోస్టులో రాలేదు. గిరిధర్ కాలేజీ నెట్‌లో దించి, సీడీ చేసి తెచ్చాడు. ముందు రెండింటి మాదిరే దీని మామూలు సీడీ కూడా ఆ కంప్యూటర్ల మీద లేవలేకపోయింది. అప్పటిలాగే, బొమ్మలేవీ లేకుండా ఉత్త అక్షరాలతో అడుగుతూ పోయే మరో రకం సీడీ తెచ్చి, ఒక్కోటీ వేశాడు. మొదట తెలుగు అంతా ఖాళీ డబ్బాల్లా కనపడింది. తెలుగు ఫాంటు వేశాక అక్షరాలు తేరుకున్నాయి. స్టాప్‌వాచీ రెండున్నర నిమిషాల దగ్గర ఆగింది. నాగజ్యోతి 'మ' కొట్టింది. కొట్టగానే పడింది. ఆమె వాచీని సొరుగులో పెట్టేసింది.

గిరిధర్ అన్నంతా అయింది. తెర వెలవెలబోతోందని నలుగురు కుర్రాళ్లు మానేసి, ఎదురు వీధిలో కొత్తగా పెట్టిన సెంటరుకి వెళ్లిపోయారు. నాగజ్యోతికి బాధేసింది. రెండు రోజులు మళ్లీ మార్చేద్దామా అని కూడా ఆలోచించింది. మూడో రోజు మధ్యాహ్నం చిలకమ్మ మెట్లెక్కి వచ్చింది. కుర్చీ అంచున కూర్చుని, ఒక్క వేలితో, నిప్పుని తాకినట్టు మీట తాకింది. అక్షరం పడింది. ఇంకోటి కొట్టింది. అదీ పడింది. అప్పుడు కుర్చీలో వెనక్కి జరిగి సర్దుకుని కూర్చుంది. ఇంక మార్చే ఆలోచన నాగజ్యోతి చేయలేదు.

దసరా వెళ్లాక చిలకమ్మ తన మొదటి అర్జీ కొట్టింది. చేపల వేలంపాట జరిగే చోట మంచినీళ్ల కుళాయి కావాలని. ఒక పేజీకి మూడు మధ్యాహ్నాలు పట్టింది. 'విన్నపం'లో ఒత్తు పడక నాలుగుసార్లు చెరిపింది. నాగజ్యోతి పక్కనే ఉండి కూడా చెయ్యి పెట్టలేదు. ప్రింటు తీసిన కాగితం చేతికిస్తే, చిలకమ్మ అక్కడే నిలబడి పైకి చదువుకుంది. "అంతా నేనన్న మాటేనండి," అంది. కుళాయి రావడానికి మరో రెండు అర్జీలు, ఏడు నెలలు పట్టాయి.

ఆ మరుసటి ఏడు నాగజ్యోతి రెండు కొత్త కంప్యూటర్లు కొంది. గిరిధర్ ఆశగా అడిగాడు.

"వీటికి మెమరీ బోలెడు ఉంది మేడం. ఇప్పుడైనా కుబుంటు వేద్దామా?"

"వెయ్యి నాయనా. వీటికది బరువు కాదుగా," అంది.

గిరిధర్ వేసి ముగించేసరికి చిలకమ్మ తమ సంఘంలో ఒకావిడని వెంటబెట్టుకొచ్చింది, నేర్పించడానికి. గదంతా చూసి, పాత మిషన్లన్నీ దాటుకుని, నీలంగా మెరుస్తున్న కొత్తదాని ముందు కూర్చుంది.

"ఇది బాగుందండి. ఇన్నాళ్లూ దీన్ని ఎక్కడ దాచారు?"

ఒకప్పుడు ఈవిడని భయపెట్టి పంపిందీ ఈ నీలం కుబుంటే కదా అన్నట్టు గిరిధర్ నాగజ్యోతి వైపు చూశాడు. ఆమె నవ్వాపుకోలేక, రెండో ఆవిడకి కుర్చీ జరపడానికి లేచింది.