ఫలితం రాకముందే కప్పిన శాలువా

ఎడారిలో మోసం చేయడం కష్టమని మొదట్లో అనుకున్నాను. దాక్కోవడానికి చెట్టు కూడా ఉండదు కదా. అయితే అక్కడ తమను ఎవరూ చూడరని నమ్మేవాళ్ళకి అంతకంటే అనువైన చోటు లేదని ఒక డాక్టరు గారి వల్ల తెలుసుకున్నాను.

ఆయన మత్తు డాక్టరు. అడిలైడ్‌లో స్థిరపడి చాలా ఏళ్ళయింది. మాసన్ లేక్స్‌లో మా అమ్మాయి ఇంటికి రెండు వీధుల అవతల ఉంటారు. ఎడారి కార్ల పందేల్లోకి ఎందుకు దిగారో ఆయనే ఒకసారి భోజనాల దగ్గర చెప్పారు. "గోల్ఫ్ ఇప్పుడు ప్రతివాడూ ఆడుతున్నాడండీ." ఒక పెద్ద జీపు కొని, దాని ఎత్తు పెంచి, లోపల ఇనుప పంజరం కట్టించి, తలుపు మీద తన పేరు రాయించుకున్నారు. పక్క సీట్లో కూర్చుని దారి చెప్పే నావిగేటరు పని భార్యకి అప్పగించారు. ఆమె పేరు కూడా తలుపు మీద ఉండి తీరాలని పందెం వాళ్ళు చెప్పాక చిన్న అక్షరాల్లో ఒక స్టిక్కరు అతికించారు.

ఆమె ఫార్మసిస్టు. మందు చీటీ చదివే శ్రద్ధతోనే దారినీ చదివేది. పందానికి ముందు రోజు అందర్నీ నెమ్మదిగా ఆ దారంతా ఒకసారి తిప్పి చూపిస్తారు. అప్పుడు డాక్టరు గారు ఫోన్లో వీడియోలు తీసుకుంటూ ఉంటే, ఆమె ఏ దిబ్బ వెనక గొయ్యి ఉందో, ఏ కంచె దగ్గర మలుపు ఉందో గుర్తు పెట్టుకునేది. రెండు సీజన్లు తిరిగేసరికి పక్క జట్లవాళ్ళు వచ్చి ఆమెనే అడగడం మొదలుపెట్టారు. గోధుమలు పండించే ఒక రైతు మహిళ, ఆ పందేల్లో పాతకాపు, వచ్చే సీజన్లో తన బండిలో కూర్చోమని ఆమెని అడిగింది. ఆ మాట నాకు చెప్పినప్పుడు ఆమె మొహంలో కనిపించిన సంతోషం, ఆ ఇంట్లో ఆయన బహుమతుల అలమార చూపించేటప్పుడు ఎప్పుడూ చూడలేదు.

"ఆయనకి ఇంకా చెప్పలేదంకుల్. ఈ రేస్ అయ్యాక చెప్తా," అంది.

నన్ను ఆ పందానికి తీసుకెళ్ళింది మాత్రం మన తెలుగు సంఘం అధ్యక్షుడు. పండగలకి హాలు బుక్ చేయడం, వచ్చిన ప్రతివాడికీ శాలువా కప్పడం ఆయన జీవిత ధ్యేయాలు. నా ఉద్యోగమంతా ఒక తెలుగు దినపత్రిక డెస్కులో గడిచిందని తెలిసిన దగ్గర్నుంచి నన్ను గురువుగారూ అంటాడు. "మీరు రావాలె గురువుగారూ. మనోడు గెలుస్తడు. మన వెబ్ పత్రికకి మంచి ఆర్టికల్ కొట్టాలె." అప్పటికి పందెం ఇంకా మొదలు కాలేదు.

పోర్ట్ అగస్టా దాటి చాలాసేపు ఉత్తరానికి వెళ్ళాం. ఎర్రమట్టి, బూడిద రంగు పొదలు, ఈగలు. ఒక గొర్రెల ఫారంలో మకాం. ఉన్ని కత్తిరించే రేకుల షెడ్డే పందెం ఆఫీసు. అక్కడి వాళ్ళు బార్బీ పొయ్యి మీద సాసేజీలు కాల్చుకుంటున్నారు. మనవాళ్ళు ఎస్కీ ఐసు పెట్టెల నిండా పులిహోర, పెరుగన్నం దించి, స్పీకరు కూడా దించారు. ఎడారికి వచ్చి నిశ్శబ్దాన్ని భరించలేని జాతి మనది.

పందెం నియమాలు నాకు ఆమే చెప్పింది, టీ తాగుతూ. "దారి తప్పితే తప్పేం లేదంకుల్. దుమ్ములో అందరూ తప్పుతారు. కానీ ఎక్కడ తప్పామో అక్కడికే వెనక్కెళ్ళి, మళ్ళీ అక్కణ్ణించే మొదలెట్టాలి. అడ్డంగా కోసి ముందుకొచ్చి కలవకూడదు. కలిస్తే డిస్‌క్వాలిఫై. ప్రతి బండిలో ట్రాకర్ ఉంటుంది, ఎటెళ్ళామో గీత పడిపోతుంది."

ఇంత సులువైన, ఇంత మర్యాదైన నియమాన్ని నేను ఏ రాజ్యాంగంలోనూ చూడలేదు. తప్పు చేయొచ్చు. ఒప్పుకుని వెనక్కి వెళ్ళాలి, అంతే.

పందెం రోజున చూడటానికేం లేదు. దూరంగా దుమ్ము లేస్తుంది, దగ్గరికొస్తుంది, చెవులు పగిలేలా ఒక బండి దాటిపోతుంది, మళ్ళీ దుమ్ము. మధ్యాహ్నానికి డాక్టరు గారి జీపు తన రకం బండ్ల తరగతిలో మొదటగా వచ్చింది. ఆ తరగతిలో ఉన్న బండ్లే కొన్ని. వాటిలో సగం ఇసుకలో కూరుకుపోయాయి. గోధుమ రైతు రెండోది. షెడ్డు తలుపు మీద ఒక కాగితం అంటించారు. పైన పెద్ద అక్షరాలతో తాత్కాలిక ఫలితాలు అని ఉంది. ట్రాకర్లు చూసి, ఫిర్యాదులుంటే విని, సాయంత్రం అసలు ఫలితం చెబుతారు.

పత్రికల్లో పనిచేసినవాడికి తాత్కాలికం అనే మాట కనిపిస్తే చెయ్యి ఆగుతుంది. మన అధ్యక్షుడికి ఆగలేదు. జీపు చల్లారక ముందే కుర్చీలు వేయించాడు. స్పీకరులో నాదస్వరం పెట్టించాడు. యూనిలో చదివే పిల్లలు ఫోన్లు పట్టుకుని చుట్టూ నిలబడ్డారు. డాక్టరు గారి జుట్టు హెల్మెట్‌కి నలిగి ఉంది. మెడలో ప్లాస్టిక్ పూలదండ, ఒంటి మీద జరీ శాలువా. చేతిలో పెట్టిన జ్ఞాపిక మీద అప్పటికే 'విజేత' అని చెక్కించి ఉంది. అడిలైడ్‌లో చెక్కించి తెచ్చారన్నమాట.

"ఓడిపోతే ఏం చేసేవాళ్ళండీ?" అని అధ్యక్షుణ్ణి అడిగాను.

"అంత తెలివి లేకుండ ఉంటమా గురువుగారూ? 'పార్టిసిపెంట్' అని ఇంకోటి కొట్టించి తెచ్చిన. కార్ల ఉంది."

ఆమెకి శాలువా లేదు. ఆడవాళ్ళకి వేరే కండువా తేవాలని ఎవరికీ తట్టలేదట. ఫొటోలో ఒక పక్కన నిలబడమన్నారు. ఆమె నిలబడింది గానీ కెమెరా వైపు చూడలేదు. గోధుమ రైతు కూడా వచ్చి మర్యాదగా చప్పట్లు కొట్టి, ఇదేమైనా పూజా అని నన్నడిగింది. గెలిచినవాళ్ళకి చేసే గౌరవమన్నాను. ఆ రైతు షెడ్డు తలుపు వైపు ఒకసారి చూసి, "ఇంకా ఖాయం కాలేదుగా?" అంది. ఆలోపే ఫొటో వాట్సాప్‌లో పక్క రాష్ట్రాల్లోని క్రెయిగీబర్న్ నుంచి వెస్ట్‌మీడ్ దాకా వెళ్ళిపోయి, 'గర్వకారణం' అనే పదం వందలుగా తిరిగొస్తోంది.

అప్పుడు మైకులో పిలిచారు. ఆ జీపు డ్రైవరు, నావిగేటరు షెడ్డుకి రావాలట.

షెడ్డు బయటే సంగతి తేలిపోయింది. ఎండిపోయిన ఉప్పు చెరువు దగ్గర దారి ఎడమకి తిరిగి, చెరువు చుట్టూ వెళ్ళాలి. జీపు గీత మాత్రం చెరువుకి అడ్డంగా పడింది. అవతలి గట్టున దారిలో కలిసింది. ఫిర్యాదు చేసినవాళ్ళెవరూ లేరు. ఎప్పుడూ చేసే తనిఖీలోనే పట్టుకున్నారు.

ఇక మన బలగం రంగంలోకి దిగింది. అధ్యక్షుడు ముందు ఫోను తీశాడు. మనవాళ్ళకి ఏ తగువొచ్చినా మొదటి ప్రశ్న ఏం జరిగింది అని కాదు, ఎవరితో చెప్పిద్దాం అని. "కౌన్సిలర్ మనకు మస్తు క్లోజ్. ఒక్క మాట చెప్పిస్త," అన్నాడు. కౌన్సిలరు ఫోను ఎత్తలేదు. ఒక కుర్రాడు ఇది రేసిజం అన్నాడు. ఈ దేశంలో అది లేదని నేననను. అద్దె ఇళ్ళ దగ్గర, ఉద్యోగాల దగ్గర దాన్ని నిజంగా మింగినవాళ్ళు నాకు తెలుసు. వాళ్ళు ఈ శాలువా బ్యాచిలో ఎవరూ లేరు. వాళ్ళ బాధని ఒక ఉప్పు చెరువు దాటడానికి వంతెనగా వాడుకోవడం చూస్తే నోరు చేదెక్కింది.

డాక్టరు గారు మాత్రం ఆలోచించి మాట్లాడారు. భార్యని పక్కకి పిలిచి, నేను అక్కడే ఉన్నానన్న సంకోచం కూడా లేకుండా చెప్పారు.

"చూడు. నువ్వు స్ట్రెయిట్ అని చెప్పావు, నేను వెళ్ళాను. ఇంతే. నావిగేటర్ మిస్టేక్ అంటే టైమ్ పెనాల్టీతో వదిలేయమని అడగొచ్చు. నేను కావాలని కోశానంటే అవుట్."

"నేను లెఫ్ట్ అన్నానండీ."

"అన్నావు. ఎవడు కాదన్నాడు? ఇప్పుడు అనలేదను."

"వెనక్కెళ్దామని కూడా అన్నాను. మీరేమన్నారో గుర్తుందా?"

ఆమే నా వైపు తిరిగి చెప్పింది. "ఈ ఎడారిలో ఎవడు చూస్తాడే, కూర్చో అన్నారంకుల్."

"అబ్బా, ఇప్పుడవన్నీ ఎందుకు? ఫొటోలు వెళ్ళిపోయాయి. రేపు హాస్పిటల్లో మొహం ఎలా చూపించను? నీకు పోయేదేముంది?"

పోయేదేముందో ఆయనకి తెలియదు. ఎడమకి తిరగాల్సిన చోట తిన్నగా పొమ్మని, తప్పాక వెనక్కి వెళ్ళాలన్న నియమం కూడా తెలియని నావిగేటరు అని ఒకసారి రాసుకుంటే, ఏ బండిలోనూ ఆమెని కూర్చోబెట్టుకోరు. గోధుమ రైతు అసలే కూర్చోబెట్టుకోదు. ఆ సీటు ఆమె సొంతంగా సంపాదించుకున్న మొదటి సీటు.

నన్ను కూడా లోపలికి తీసుకెళ్ళారు, ప్రెస్ అని. తగువు తీర్చే స్టీవార్డ్ ఒక పెద్దావిడ. ఎండకి కమిలిన చేతులు, మెడలో తాడుతో వేలాడే కళ్ళద్దాలు. ప్రెస్సంటే ఆవిడకి భయమూ లేదు, గౌరవమూ లేదు. ఉన్ని బేళ్ళ మీద కూర్చోమని చెయ్యి చూపించింది. షెడ్డంతా గొర్రె జిడ్డు వాసన. స్క్రీను మీద రెండు గీతలున్నాయి. ఒకటి చెరువు చుట్టూ వంకరగా, రెండోది చెరువుకి అడ్డంగా.

ఆవిడ తొందరపడకుండా అడిగింది. డాక్టరు గారు దుమ్ము గురించి మాట్లాడారు. తర్వాత బాణం గుర్తు పడిపోయిందన్నారు. వెనక వచ్చిన బండ్లన్నీ అదే బాణం చూసి తిరిగాయని ఆవిడ చెప్పింది. అప్పుడాయన బాణాన్ని వదిలి భార్యని పట్టుకున్నారు. నావిగేటరు చెప్పినట్టే వెళ్ళానన్నారు. ముప్పై ఏళ్ళుగా మనుషుల్ని నిద్రపుచ్చే ఆ మెత్తని గొంతుతోనే అన్నారు.

"నిజమేనా?" అని స్టీవార్డ్ ఆమె వైపు తిరిగింది.

డాక్టరు గారు స్క్రీను వైపే చూస్తూ, తెలుగులో, పెదవి కదిలీ కదలకుండా అన్నారు. "స్ట్రెయిట్ అన్నానని చెప్పు. ఒక్క మాట. ఇంటికెళ్ళాక నీ ఇష్టం."

ఆవిడకి తెలుగు రాదన్న ధీమా. మనవాళ్ళు ఈ దేశంలో ఎన్ని పనులు ఆ ధీమా మీద నడిపిస్తారో రాస్తే పెద్ద పుస్తకమవుతుంది.

ఆమె ఆయనకి తెలుగులో జవాబివ్వలేదు. స్టీవార్డ్ కళ్ళలోకి చూసి, ఇంగ్లీషులో, మందు ఎలా వేసుకోవాలో చెప్పినంత స్పష్టంగా చెప్పింది. "నన్ను స్ట్రెయిట్ అన్నానని చెప్పమంటున్నారు. నేను లెఫ్ట్ అన్నాను. రెండుసార్లు అన్నాను. దాటిపోయాక వెనక్కెళ్దామన్నాను. వెళ్ళలేదు. ముగింపు దగ్గర మీకు చెప్పాల్సింది నేను. అప్పటికే దండ వేసేశారు."

ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని రాసుకుంది. బండి అనర్హం. దారి కోసినందుకు డ్రైవరు మీద ప్రత్యేకంగా నోట్. నావిగేటరు మీద ఏమీ లేదు. సంతకం పెట్టించుకుని, టీ ఉంది తాగి వెళ్ళమంది. ఎవరూ గొంతు పెంచలేదు, ఎవరూ దేశాన్ని తిట్టలేదు. ఇంత చిన్న విషయానికి ఇంత పెద్దమనుషులు ఎంత దిగజారగలరో చూసి ఆశ్చర్యపోయినట్టు కూడా ఆవిడ కనిపించలేదు. చాలామందిని చూసి ఉంటుంది.

బయట అధ్యక్షుడు నా చెయ్యి పట్టుకున్నాడు. "గురువుగారూ, 'తెలుగు డాక్టరుకు అన్యాయం' అని పెడదాం. ఎట్లుంటది హెడింగ్?"

"హెడ్డింగు బాగుంది. కింద రాయడానికే ఏమీ లేదు," అన్నాను.

ఆయన దానికేం నొచ్చుకోలేదు. ఆ మర్నాడే నేను లేకుండానే వెబ్ పత్రికలో ఫొటో వేశారు. శాలువా, దండ, జ్ఞాపిక, కింద 'ఎడారి పందెంలో మన విజేత'. ఇప్పటికీ అలాగే ఉంది. దిద్దమని ఒకసారి చెప్పాను. సన్మానం జరిగింది అబద్ధం కాదు కదా గురువుగారూ అన్నాడు. సన్మానం జరగడమే వార్త అయిన చోట మిగతావన్నీ తాత్కాలికమే.

ఆ పందెం రోజు సాయంత్రం జీపుని ట్రైలరు ఎక్కిస్తున్నారు. డాక్టరు గారు శాలువా ఇంకా తీయలేదు. మరిచిపోయారో, తీస్తే అందరూ చూస్తారనో. భార్య పక్కనే తాళ్ళు బిగిస్తోంది.

"ఒక్క మాట చెప్పలేకపోయావు," అన్నారాయన.

"చెప్పానండీ. చెప్పాల్సిన చోటే చెప్పాను. లెఫ్ట్ అని."

తర్వాత ఆమె అధ్యక్షుడి కారు దగ్గరికి వెళ్ళింది. ఆయన డిక్కీ సర్దుతున్నాడు.

"అన్నయ్యా, ఇంకో మెమెంటో ఉందన్నారట. పార్టిసిపెంట్ అని."

"ఉందమ్మా. కానీ డిస్‌క్వాలిఫై అయినంక అది డాక్టర్ సాబ్‌కి ఇస్తే బాగుండదేమో..."

"ఆయనకి కాదు. నాకు. నేను పార్టిసిపేట్ చేశాను."

అధ్యక్షుడు ఇటూ అటూ చూశాడు, ఎవరితోనైనా చెప్పించాలేమో అన్నట్టు. ఎవరూ దొరకలేదు. అట్టపెట్టె తీసి ఇచ్చాడు, శాలువా లేకుండా, ఫొటో లేకుండా. ఆమె దాన్ని చంకలో పెట్టుకుని, మన కుర్చీల మధ్య నుంచి నడిచి, గోధుమ రైతు బండి దగ్గరికి వెళ్ళింది. వచ్చే సీజను సంగతి మాట్లాడటానికి.