స్పీకర్‌లో పెట్టిన సంసారం

ఈ రోజు మధ్యాహ్నం పక్కింటి లత వాకిట్లో నలుగురం కూర్చుని బీడీలు చుడుతున్నాం. దుబాయ్ నుంచి ఆమె భర్త రాజు ఫోన్ చేశాడు. చేతులు ఖాళీ లేక లత ఫోన్‌ను స్పీకర్‌లో పెట్టి చాటకు ఆనించింది. ఆ సంగతి అతనికి తెలియదు. ఆలుమగలు ఒకరినొకరు అర్థం చేసుకోవడానికి అడగాల్సిన ప్రశ్నలట, ఎక్కడో దొరికితే చదవడం మొదలుపెట్టాడు.

"నేను దగ్గర లేకుంటె నీకు ఏం యాదికొస్తది?"

"నీ గురక, కొడుకా" అంది అతని తల్లి, తునికాకు కత్తిరిస్తూ.

"అవ్వా, నువ్వు గాడ్నే ఉన్నవా?"

మేం పడి పడి నవ్వాం. లత నవ్వలేదు. అతనితో కలిసి దుబాయ్ వెళ్లిన చెన్నూరు మనిషి ఇప్పటికే ఒకసారి ఇంటికొచ్చి పోయాడు. ఇతను మాత్రం ఏ పండుగకు అడిగినా వచ్చే పండుగకు వస్తానంటున్నాడు.

"అన్ని నువ్వే అడుగుతున్నవ్. నేనొక్కటి అడుగుత. ఈ బతుకమ్మకన్న వస్తవా, రావా?" అంది లత.

అతను ఆ ప్రశ్నలన్నీ గొణుక్కుంటూ మళ్లీ పైనుంచి చదివాడు.

"గా ప్రశ్న ఈ లిస్టుల లేదు" అన్నాడు రాజు.

లత ఫోన్ కట్ చేసింది.

ఆ ప్రశ్నలు రాసిందెవరోగానీ, దుబాయ్ మొగుళ్లకు మంచి మేలు చేశారు. పెళ్లాం మనసు తెలుసుకోవడానికి ఇక విమానం ఎక్కే పని లేదు. మీ ఆయన కూడా ఇలాంటి ప్రశ్నలు అడుగుతుంటే, ముందు అక్కడ పనిలో సెలవు అడిగాడో లేదో కనుక్కుని కింద కామెంట్లో రాయండి.