ప్లగ్గు పీకి చూపించమన్నాను

తొంభైలలో కొత్తగూడెంలోని మా క్వార్టర్‌లో కంప్యూటర్ పెట్టుకుని పెళ్లి పత్రికలు టైప్ చేసేదాన్ని. కరెంటు పోతే చేసిందంతా పోయేది. బ్యాటరీతో నడిపే యూపీఎస్ కొందామని నాన్నతో ఖమ్మం వెళ్లాను.

దుకాణదారు నా మొహం చూడకుండా నాన్నతోనే మాట్లాడాడు. "ఇంట్ల ఆడపిల్ల టైపింగే కద సార్, ఈ చిన్నది చాలు. పావుగంట ఆగుతది."

"మీ కంప్యూటర్‌కు తగిలించి, ప్లగ్గు పీకి చూపించండి" అన్నాను.

"గట్ల ఎవ్వరూ అడగరమ్మా. డబ్బా మీద రాసే ఉంది."

నాన్న బొగ్గుబాయిలో పనిచేసేవాడు. దిగే ముందు టోపీ దీపాన్ని రోజూ తన చేత్తోనే వెలిగించి చూసుకునేవాడు. ఇచ్చినవాడి మాట నమ్మి ఒక్కనాడూ దిగలేదు. "మా బిడ్డ అడిగినట్టే చెయ్యిండ్రి" అని స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

ప్లగ్గు పీకిన మూడు నిమిషాలకే తెర నల్లబడింది.

మూలనున్న పెద్దదాన్ని చూపించాను. "అది ఆఫీసులకమ్మా" అన్నాడు.

"దానికీ తగిలించి పీకండి."

పావుగంట దాటినా తెర వెలుగుతూనే ఉంది. అదే కావాలన్నాను.

బిల్లు పుస్తకం తెరిచి, మళ్లీ నాన్ననే అడిగాడు. "పేరేం రాయాలె సార్?"

నాన్న నా వైపు చెయ్యి చూపించాడు. నా పేరు నేనే చెప్పాను. తప్పు రాస్తే కొట్టేయించి, మళ్లీ రాయించాను.